పైడి కుచ్చు

అనగనగా ఒక కొండ అడవి. అక్కడి జంతువులన్నీ కలిసి ఒక జొన్నచేను వేసుకున్నాయి. ఏడాది తిండంతా అదే. అడవిపందుల మంద చేను మీద పడితే, ఎవరి మూలన వాళ్ళు నిలబడి వడిసెలతో రాళ్ళు విసిరేవాళ్ళు. వడిసెలంటే నారతో అల్లిన తాడు, మధ్యలో రాయికి చిన్న ఒడి. గిరగిరా తిప్పి వదిలితే రాయి రివ్వున పోతుంది.

కొండముచ్చు పైడికి చేతులు ఊరుకోవు. ఒకరోజు తన వడిసెల కొసకి నార కుచ్చు కట్టింది. విసిరితే ఫట్టుమని పేలినట్టు మోగింది. మురిసిపోయి మృగరాజుకి చూపించింది.

మృగరాజు ఏనాడూ చేనుకి కాపలా కాసినవాడు కాదు. మొత్తం వడిసెలే కొత్త వస్తువనుకున్నాడు. "ఇకమీద వడిసెల నీది. నువ్వు సరేనంటేనే ఇంకొకరు పట్టాలి" అన్నాడు.

'కుచ్చు ఒక్కటే నాది' అనే మాట పైడి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

అక్కడినించి వడిసెలలు వసూలు చేస్తూ ఇల్లిల్లూ తిరిగింది. కుందేలు భయపడి ఇచ్చేసింది. నక్క ఇస్తూ ఇస్తూ, "రేపు రాయి కూడా నీదే అంటావా పైడీ?" అంది. చివరికి ఎలుగు అత్త దగ్గరికి వెళ్ళింది. చిన్నప్పుడు పైడికి వడిసెల అల్లడం నేర్పింది ఆ అత్తే.

అత్త కోప్పడలేదు. "నాకు మా అమ్మ నేర్పిందే. అమ్మకి ఎవరు నేర్పారో అడగనే లేదు" అని, తన వడిసెల దుమ్ము దులిపి మరీ చేతిలో పెట్టింది. పైడి తల వంచుకుని వచ్చి, అన్నిటినీ చేని గట్టునున్న తన చెట్టుకి వేలాడదీసింది.

కంకులు పాలు పోసుకునే వేళకి పందులు వచ్చాయి. పైడి ఈ మూల తరిమితే ఆ మూలన పడ్డాయి. ఆ మూలకి ఉరికితే ఇటు దూరాయి. గట్టు మీద అందరూ వట్టి చేతులతో నిలబడ్డారు. ఎలుగు అత్త చేత్తోనే ఒక రాయి విసిరింది. అది చేనులో సగం దూరం కూడా పోలేదు.

అది చూసి పైడి ఇంక ఆగలేకపోయింది. చెట్టెక్కి వడిసెలన్నీ కిందకి విసిరేసింది. ఎవరిది వాళ్ళు అందుకున్నారు. నాలుగు వైపులా రాళ్ళు లేచేసరికి పందులు కొండ దిగిపోయాయి. సగం చేను మిగిలింది.

"అత్తా, కుచ్చు ఒక్కటే నాది" అంది పైడి, నేల చూస్తూ.

"తెలుసే పిచ్చిదానా. ఆ ఒక్కటీ ఎలా కట్టావో ముందు నాకు చూపించు" అని ఎలుగు అత్త తన వడిసెల ఆమె ఒళ్ళో పడేసింది.

మర్నాడు పైడి మృగరాజుకీ ఆ మాటే చెప్పి వచ్చింది. ఇప్పుడు ఆ అడవిలో ప్రతి వడిసెలకీ కుచ్చు ఉంది. దాన్ని అందరూ పైడి కుచ్చు అంటారు. వడిసెలని మాత్రం వట్టి వడిసెల అనే అంటారు.

నీతి: పాతదానికి మెరుగు దిద్దితే ఆ మెరుగు మనది, పాతది అందరిది.