నాలుగుసార్లు కరిగిన బకెట్టు

ఒక రాజు స్నానాల గదిలో రెండు ప్లాస్టిక్ బకెట్లు ఉండేవి. నీలం బకెట్టు కొత్త ప్లాస్టిక్‌తో చేసింది. నల్ల బకెట్టు పాత సామాను కరిగించి చేసింది. అది ఒకప్పుడు డబ్బా, తర్వాత కుర్చీ, ఆ తర్వాత పూలకుండీ, ఆపైన చెత్తబుట్ట. నాలుగోసారి కరిగి బకెట్టయింది.

ఆ రాజ్యంలో ప్రతి వస్తువుకూ బలపరీక్ష పెడతారు. పొద్దున్నే, చల్లపూట, చావడి నీడలో పిడికి రాయి కట్టి వేలాడదీస్తారు. రెండు బకెట్లూ రాయిని మోశాయి. రాజు మనసు మాత్రం నల్లదాని మీద పడింది.

"నాలుగుసార్లు నిప్పులోంచి వచ్చింది. ఎంత రాటుదేలిందో చూడండి. వేడినీళ్లు దీంతోనే మోయించండి" అన్నాడు. సభంతా తలూపింది. తలూపడంలో ఆ సభకు సాటి లేదు.

వేడినీళ్లు మోసేది ఒక ఆడమనిషి. మొదటి రోజు కాగులోంచి మరుగుతున్న నీళ్లు పొయ్యగానే బకెట్టు గొంతు తగ్గించి ఆమెతో మాట్లాడింది.

"అమ్మా, చన్నీళ్లయితే ఎన్నాళ్లయినా మోస్తాను. వేడికి ఆగలేను. కరిగించినప్పుడల్లా నా లోపలి పోగులు తెగాయి. పైకి కనబడవంతే."

"మరి ఆ నీలందో?"

"వేడికి అదీ కాస్త మెత్తబడుతుంది. కానీ దాని పోగులింకా పొడుగ్గా ఉన్నాయి. పట్టు వదలదు."

ఆమె అప్పుడే మంత్రి దగ్గరికి వెళ్లింది. "అయ్యా, ఈ బకెట్టు పిడి దగ్గర సాగుతోందండి. నీలందిప్పించండి. ఆ నీళ్లు కాళ్ల మీద పడితే నేనిక నడవలేను."

"పరీక్షలో నెగ్గింది కదమ్మా."

"ఆ పరీక్ష చల్లపూట పెట్టారండి. ఓసారి వేడినీళ్లు పోసి చూడండి."

"వేడిలో పెడితే పాడైపోదూ?" అన్నాడు మంత్రి. పైగా తెలివైన మాట అన్నట్టు నవ్వాడు. వినేవాళ్లకు ఒళ్లు మండదా మరి.

పదకొండు రోజులు ఆమె ప్రాణాలు బిగబట్టుకుని మోసింది. పన్నెండో రోజు పిడి ఊడింది. మరుగుతున్న నీళ్లు రెండు పాదాల మీదా పడ్డాయి.

కేక విని రాజు తడిబట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. వెనకే మంత్రి, వంటవాళ్లు వచ్చారు. తోలు ఊడిన ఆ పాదాలు చూసి వంటవాళ్లు చన్నీళ్లు తెచ్చి పోశారు. రాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పటికైనా ఆయనకు తెలిసొచ్చిందనుకున్నారు అందరూ.

"వైద్యుణ్ణి పిలవండి. బాగా చూడమనండి" అన్నాడు రాజు. తర్వాత మంత్రి వైపు తిరిగాడు.

"నయమయ్యాక ఈవిణ్ణి పొయ్యి దగ్గర పెట్టండి. ఒకసారి కాలిన మనిషి. ఇక ఏ వేడికైనా తట్టుకుంటుంది."

అంతసేపూ ఏడుస్తున్న ఆమె ఠక్కున ఏడుపాపి, పిడి ఊడిన నల్ల బకెట్టు వైపు చూసింది.