ఊరికి దక్కిన గాయం

ఆ రాజ్యంలో మూడేళ్లుగా యుద్ధం జరుగుతోంది. శత్రువు బయటినుంచి వచ్చినవాడు కాదు. ఏటికి అవతలి సగం తనదని రాజుగారి తమ్ముడు అన్నాడు, కాదని రాజు అన్నాడు. అప్పటిదాకా ఒకే సంతలో బేరమాడుకున్న జనం ఆ రోజునుంచి ఒకరినొకరు పొడుచుకుంటున్నారు.

పోరు జరిగే చోటికి పన్నెండు రోజుల నడక దూరంలో ఒక ఊరు ఉంది. అక్కడ ఎవరూ యుద్ధాన్ని చూడలేదు. అందుకే అక్కడ యుద్ధమంటే చాలా ఇష్టం. కింది వీధులనుంచి నలభైమందిని సైన్యానికి పంపేసి, పై వీధులవాళ్లు రోజూ సాయంత్రం చావడిలో కూర్చుని శత్రువును ఓడించేవారు.

ఆ ఊరికి ఒకటే కొరత. గాయపడిన సైనికుడు ఒక్కడూ లేడు. పోయిన నలభైమందిలో చచ్చినవాళ్లు అక్కడే చచ్చారు, పారిపోయినవాళ్లు ఇటువైపు చూడలేదు. ఏటా రాజధానిలో జరిగే ఊరేగింపులో ఏ ఊరు ఎన్ని గాయాలను పోషిస్తోందో దాన్నిబట్టి వరుస ఇస్తారు. పొరుగూరి జెండా రాజుగారి ఏనుగు వెనకే నడిచింది. ఈ ఊరి జెండా పేడ ఎత్తేవాళ్లకు రెండడుగుల ముందు నడిచింది.

కాబట్టి సైన్యంవాళ్లు కాలు విరిగిన పరాయి ఊరి సైనికుణ్ణి ఒకణ్ణి, పోషించమని తెచ్చి చావడి ముందు దించినప్పుడు ఊరంతా మేళంతో ఎదురొచ్చింది.

విరిగిన ఎముకలకు కట్లు కట్టే మనిషి ఆ ఊళ్లో ఒకడున్నాడు. కట్లాయన అంటారు. చెయ్యి మంచిది, గుండె మెత్తన. సైనికుడి కాలు సరిచేసి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగిస్తూ మాట కలిపాడు.

"ఏ పోరులో తగిలింది తమ్ముడూ?"

"పోరు కాదన్నా. జొన్నల బండి బోల్తాపడింది. ఏడు బస్తాలు మీద పడినాయి. జొన్నలు ఇంత బరువా అనుకున్నా. ఒక బస్తా చినిగింది, అంతా ఇసుకే."

ఆ జొన్నలు సైన్యానికి పంపింది ఊరిపెద్ద. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. గొంతు సవరించుకుని జనంవైపు తిరిగాడు.

"ఏడుగురు శత్రువులతో ఒంటరిగా తలపడ్డాడు!"

"ఏడుగురు కాదయ్యా, ఏడు బస్తాలు," అన్నాడు సైనికుడు. మేళం మోతలో ఆ మాట కట్లాయనకు తప్ప ఎవరికీ వినపడలేదు.

ఆనాటినుంచి సైనికుడికి తీరిక లేదు. పొద్దున పై వీధి ఆడవాళ్లు వచ్చి మొహం తుడిచేవారు. మధ్యాహ్నం ఇంకో వీధివాళ్లు వచ్చి మళ్లీ తుడిచేవారు.

"నొప్పిగా ఉందా తమ్ముడూ?"

"లేదక్కా."

"పాపం, ఎట్లా ఓర్చుకుంటున్నాడో చూడండే!"

కాస్త దూరంలో కింది వీధి ఆడవాళ్లు నిలబడి, మావాడు కనిపించాడా అని పేర్లు చెప్పి అడిగేవారు. గాయపడినవాణ్ణి అలసటపెట్టకూడదని వాళ్లను పంపేసేవారు.

నలభై రోజులు గడిచాయి. కట్లాయన బద్దలు వదులు చేసి ఎముకను తడిమి చూశాడు. చక్కగా అతుక్కుంది. సైనికుడి కళ్లు మెరిశాయి.

"ఇప్పేయన్నా. వానలకు ముందే మావాళ్లు గొర్రెల్ని తోలుకుని పైకి పోతారు. నేను పోయి కలవాల. నాకు పొలం లేదు, పుట్రా లేదు. ఉండేవి ఈ రెండు కాళ్లే. నేను సైన్యంలోకి వచ్చినాక కూతురు పుట్టిందంట, దాని మొహమన్నా చూడలే."

"రేపు విప్పేస్తా," అన్నాడు కట్లాయన.

ఊరిపెద్దకు ఆ మాట చేరింది. ఆయన కట్లాయనను పిలిపించాడు. పక్కన కరణం కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, మానిపోయిందని నీకెవరు చెప్పారు?"

"చేత్తో చూశానండి."

"నీ చెయ్యి సంగతి ఉండనీ. మానినవాణ్ణి మళ్లీ పోరుకు పంపమని రాజాజ్ఞ. పోతే చస్తాడు. నీ కట్టే వాడి ప్రాణం కాపాడుతోంది. అది పుణ్యం కాదూ?"

కట్లాయన తల గోక్కున్నాడు.

"ఇంకో మాట," అన్నాడు కరణం. "గాయపడినవాడికి సేవ చేస్తున్నావు కనక నిన్ను సైన్యానికి పిలవలేదు. గాయం లేకపోతే సేవేముంది?"

మర్నాడు కట్లాయన కొత్త గుడ్డ తెచ్చాడు. సైనికుడు అతని చేతిలోని గుడ్డను చూశాడు, అతని మొహాన్ని చూశాడు.

"ఏమన్నా ఇది?"

"లోపల కాస్త పచ్చిగా ఉంది తమ్ముడూ. ఇంకో నెల."

"నిన్న లేని పచ్చి ఇవాళ ఎట్లా వచ్చింది?"

కట్లాయన గుడ్డ చుట్టాడు. మామూలుకంటే గట్టిగా బిగించాడు. తను ఒక ప్రాణం కాపాడుతున్నానని ఇంటికి పోయేదాకా అనుకుంటూ నడిచాడు. అది ఎవరి ప్రాణమో విడమరిచి అనుకోలేదు.

ఒకసారి సైనికుడు కట్టు తనే విప్పుకోబోయాడు. మొహం తుడవడానికి వచ్చిన ఆడవాళ్లు చూసి కేకలేశారు. జ్వరంతో మతి తప్పిందని చెప్పి, ఊరు అతని చేతుల్ని మంచానికి కట్టించింది. ఎంతో మెత్తని గుడ్డతో కట్టించింది. వానలు వచ్చాయి, పోయాయి. నెలకొకసారి కట్లాయన గుడ్డ మార్చేవాడు. మార్చేటప్పుడు కాలివైపు చూసేవాడు కాదు. ఆ ఏటి ఊరేగింపులో ఊరి జెండా ఏడు వరుసలు ముందుకు జరిగింది.

సైనికుడు వచ్చిన తొమ్మిదో నెలలో యుద్ధం ఆగిపోయింది. రాజూ తమ్ముడూ ఒకే విస్తట్లో భోంచేశారట. ఎవరు గెలిచారో చెప్పలేదు కనక రెండు వైపులా విజయోత్సవం చెయ్యమన్నారు. క్షతగాత్రులంతా లేచి నిలబడి జెండాకు దండం పెట్టాలని ఉత్తర్వు వచ్చింది.

ఊరు చావడి ముందు చేరింది. ఇక పోరు లేదు, పంపడానికి చోటు లేదు, అడ్డుచెప్పేవాడు లేడు. మంచం మీద సైనికుడు నవ్వుతున్నాడు. అన్ని నెలల్లో కట్లాయన ఆ నవ్వు చూడడం అదే మొదలు.

"తొందరగా ఇప్పన్నా. ఈ పూటే నడుస్తా. పన్నెండు రోజులు నడిస్తే మావాళ్ల దగ్గరుంటా, అంతే."

"విప్పవయ్యా, మన వీరుణ్ణి అందరూ చూడాలి," అన్నాడు పెద్ద.

కట్లాయన గుడ్డ విప్పాడు. బద్దలు తీశాడు. ఈసారి చూడక తప్పలేదు. పిక్క లేదు. ఎండిన కందికట్టెకు చర్మం అంటించినట్టు ఉంది. మోకాలు వంగలేదు. సైనికుడు లేచాడు, ఒక అడుగు వేశాడు, పక్కకు ఒరిగి నేలమీద పడ్డాడు.

మేళం ఆగింది. ఊరిపెద్ద జనాన్ని ఒకసారి కలయజూశాడు.

"చూశారా! మానలేదని నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నాను."

జనం చప్పట్లు కొట్టారు. పై వీధి ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. సైనికుడు చాలాసేపు తన కాలివైపే చూశాడు. తర్వాత రెండో కాలు, మంచి కాలు, కట్లాయన ముందుకు చాపాడు.

"ఇదొక్కటీ ఎందుకన్నా మిగలడం? ఇది కూడా కట్టెయ్."

కట్లాయన విప్పిన బద్దలు ఏరుకోసాగాడు. ఊరిపెద్ద మాత్రం ఆ మాటకు ఆగిపోయాడు. మెల్లగా కరణంవైపు వంగాడు.

"మనిషి ఒకడే. రెండు కాళ్లయితే ఊరేగింపు లెక్కలో రెండు గాయాల కింద వస్తాయా?"

కరణం వేళ్లు మడిచి లెక్క వేశాడు. వస్తాయన్నాడు.

కట్లాయన తన సంచి దగ్గరికి లాక్కున్నాడు. రెండో కాలికి సరిపోయే వెదురు బద్దలు ఉన్నాయో లేదో వెతికి చూశాడు.