మార్గశిరంలో మల్లెలు

అనగనగా, నెల పేరు తెలియాలంటే పంచాంగం విప్పకుండా పూలగంపలోకి తొంగిచూసే రోజుల్లో, ఒక ఏటి ఒడ్డున చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ఆదెమ్మ అనే పూలరైతు ఉండేది.

ఏటిగట్టు కింద ఆమెకు చిన్న తోట. ఆమె గంపలో చామంతులు కనిపిస్తే చలి వచ్చినట్టు, మల్లెలు కనిపిస్తే ఎండలు ముదిరినట్టు, జాజులు కనిపిస్తే చినుకులు పడ్డట్టు. తెల్లారుతూనే పూలు కోసి, తడిగుడ్డ కప్పి, ఎండ ఎక్కకముందే వీధులన్నీ తిరిగేది. "ఇవాళ ఏం పూశాయి ఆదెమ్మా?" అంటూ ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చేవారు. నిన్నటి పూలు మిగిలితే నిన్నటివనే చెప్పి అమ్మేది.

కోటలోకి పూలు ఇచ్చేదీ ఆమే. రాణి మాణిక్యాంబకు మల్లెలంటే ప్రాణం. వేసవి సాయంత్రాల్లో మేడమీద చాప పరిపించుకుని తనే మాల కట్టుకునేది. పక్కన రాజు సోమదేవుడు కూర్చుని, మొగ్గలు రెండేసి జతచేసి, కాడలు కలిపి అందించేవాడు. కత్తి పట్టిన చేతులు మల్లెమొగ్గలు అందిస్తుంటే దాసీలు చాటుగా నవ్వుకునేవారు. రాజుకు ఆ సంగతి తెలుసు. అయినా మానలేదు.

ఒక వానాకాలంలో రాణి జబ్బుచేసి కన్నుమూసింది.

రాజు మేడ ఎక్కడం మానేశాడు. కంచం ముందు కూర్చుని రెండు మెతుకులు కెలికి లేచేవాడు. మార్గశిరం వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. ఒక ఉదయం ఉన్నట్టుండి, "నాకు మల్లెలు కావాలి. ఆ వాసన ఒక్కసారి పీలిస్తే చాలు" అన్నాడు.

దివాను ఆదెమ్మకు కబురు పెట్టాడు. ఆమె గంప నిండా పచ్చచామంతులు తెచ్చి రాజు ముందు దించింది.

"నేను అడిగింది మల్లెలు" అన్నాడు రాజు.

"ఇది చామంతుల కాలం ప్రభూ. మల్లె చైత్రంలో గానీ పూయదు."

"రాజు అడిగాడని నీ తోటకు చెప్పలేకపోయావా?"

"చెప్పాను ప్రభూ. దానికి వినబడలేదు."

కొలువులో అందరూ తలలు దించుకున్నారు. రాజు మొహం తిప్పుకుని, "తీసుకుపో" అన్నాడు.

బయట దివాను ఆమెను ఆపాడు. "చూడమ్మా, ప్రభువులు మంచం పట్టేలా ఉన్నారు. ఇంకో రెండుసార్లు పిలుస్తాను. అప్పటికీ మల్లెలు తేకపోతే ఆ తోట నీ చేతిలో ఉండదు. అది కోట ఇచ్చిన నేల."

పుష్యమాసంలో మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి ఆదెమ్మ ముద్దబంతులు, వాటి మధ్య మరువం తీసుకెళ్ళింది. రాజు ఒక మరువం కొమ్మ తీసి వాసన చూశాడు.

"ఆవిడ ఇది దిండు కింద పెట్టుకునేది" అన్నాడు, తనలో తను చెప్పుకున్నట్టు. కాసేపటికి తేరుకుని, "మల్లెలేవి?" అన్నాడు.

"ఇంకా పూయలేదు ప్రభూ."

"తీసుకుపో" అన్నాడు రాజు. కానీ చేతిలోని మరువం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఈ కబురు రత్నాకరుడనే అత్తరు వర్తకుడి చెవిన పడింది. అతను ఒక పెట్టె పట్టుకుని ఆదెమ్మ ఇంటికి వచ్చాడు. పెట్టెలో మల్లెమొగ్గలు. జీలుగుబెండుతో చెక్కి, మల్లె అత్తరులో నానబెట్టినవి. దూరం నుంచి చూస్తే తోటలో కోసుకొచ్చినట్టే ఉన్నాయి.

"నేనిస్తే ఆయన నమ్మడు. నువ్వు ఎన్నడూ అబద్ధం ఆడలేదని ఊరంతటికీ తెలుసు. నీ చేత్తో ఇయ్యి. నీ తోట నీకుంటుంది, నా అత్తరుకు కోట దొరుకుతుంది" అన్నాడు.

అతను వెళ్ళాక ఆదెమ్మ భర్త అప్పన్న అరుగు మీద చతికిలబడ్డాడు. "ఇచ్చెయ్యి ఆదీ. ఈ తోట పోతే మనకి వేరే పని చేతకాదు. అయినా ఏడుస్తున్న మనిషిని ఓ పూట నవ్విస్తే పాపమా?"

ఆదెమ్మకు భర్త మాటలో తప్పు కనిపించలేదు. పెట్టెలోంచి ఒక మొగ్గ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఘాటుగా, బాగానే ఉంది. కానీ రాణి జడలోంచి వచ్చే వాసన అది కాదు.

"మావా," అంది చివరికి, "ఆయన దగ్గర మిగిలింది ఆ జ్ఞాపకం ఒక్కటే. ఇవి ఇస్తే, రేపట్నించి ఆ జ్ఞాపకం కూడా అత్తరు వాసనే వేస్తుంది. నావల్ల కాదు."

అప్పన్న చాలాసేపు తోటవైపు చూశాడు. తర్వాత లేచి, తనే ఆ పెట్టె మోసుకెళ్ళి వర్తకుడికి ఇచ్చి వచ్చాడు.

మాఘమాసంలో మూడో పిలుపు. ఆదెమ్మ వెళ్ళేసరికి, ఆమె కాదన్నాక తనే తెగించి వచ్చిన రత్నాకరుడు ముందే అక్కడ ఉన్నాడు. బెండుమొగ్గల పళ్ళెం రాజు ఒడిలో ఉంది. సభంతా మల్లెవాసన. రాజు కళ్ళలో ఎన్నాళ్ళకో వెలుగు కనిపించింది.

"చూశావా ఆదెమ్మా, మల్లెలు దొరికాయి. నువ్వేం తెచ్చావు?"

ఆదెమ్మ చేతిలో ఉన్నది ఆకు లేని ఎండుకొమ్మ ఒకటి. దాన్ని చూసి కొలువులో నవ్వులు వినిపించాయి. ఆమె రాజు మొహం చూసింది. ఆ సంతోషం చెరపడానికి నోరు రాలేదు. చెరపకుండా ఊరుకోవడానికి మనసు రాలేదు.

"ప్రభూ, అమ్మగారికి అందించినట్టు రెండు మొగ్గలు జతచేసి నాకు ఇవ్వండి. మాల కడతాను" అంది.

రాజు రెండు మొగ్గలు తీశాడు. వేళ్ళు వాటంతటవే కాడల కోసం వెతికాయి. మల్లెకాడకు ఉండే చల్లదనం తగల్లేదు. కాస్త నొక్కగానే మొగ్గ పొడిపొడిగా రాలిపోయింది. రాజు ఆ పొడి వంక చూస్తూ ఉండిపోయాడు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. రాణి పోయాక ఆయన నలుగురిలో ఏడవడం అదే మొదలు.

తర్వాత వర్తకుడితో, "పందిళ్ళకు ఇవి బాగుంటాయి. బెండుపూలని చెప్పి అమ్ముకో" అన్నాడు. ఆదెమ్మవైపు తిరిగి, "ఆ ఎండుకొమ్మ ఏమిటి?" అని అడిగాడు.

"మల్లే ప్రభూ. ఈ నెలలో మేమే ఆకు దూసి, కొమ్మ కత్తిరించి, నీళ్ళు ఆపుతాం. చూసేవాళ్ళకు చచ్చిపోయిందనిపిస్తుంది. ఇదిగో, ఈ కణుపు దగ్గర చూడండి."

కణుపు దగ్గర బియ్యపుగింజంత పచ్చటి చిగురు.

మర్నాడు పొద్దున్నే రాజు తోటకు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అప్పన్న పాదులు తవ్వుతుంటే గట్టు మీద కూర్చునేవాడు. ఆదెమ్మ పని చేసుకుంటూనే రాణి కబుర్లు చెప్పేది, ఆయనా చెప్పేవాడు. ఎండ ఎక్కితే ఆకలేసేది. ఆదెమ్మ చద్దన్నంలో మజ్జిగ పోసి పెడితే వద్దనకుండా తినేవాడు. చిగురు ఆకైంది, ఆకుల మధ్య మొగ్గ తొడిగింది. ఆ తోట ఇక ఆదెమ్మదేనని రాజు చెప్పేశాడు. దివాను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చైత్రంలో ఒక సాయంత్రం మేడమీద మళ్ళీ చాప పరిచారు. రాజు రెండేసి మొగ్గలు అందిస్తుంటే ఆదెమ్మ మాల కట్టింది. చీకటి పడేవేళకు మొగ్గలు విచ్చుకున్నాయి. రాజు కళ్ళు మూసుకుని ఆ గాలి పీల్చి, "ఇదే, ఇదే ఆ వాసన" అన్నాడు. ఆ మాల రాణి పటానికి తనే వేశాడు.

అందుకే పెద్దలంటారు: దుఃఖంలో ఉన్నవాడిని అబద్ధంతో మరపించకు, నిజం చెప్పి కాలం కలిసొచ్చేదాకా తోడుండు.