చిలకమ్మ పై తొర్ర

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో, ఏడాది పొడవునా నిండుగా పారే వాగు పక్కన, ఒక పెద్ద ఏరుమద్ది చెట్టు ఉండేది. వేళ్ల సందున బొరియలో ముంగిస, నడిమి కొమ్మల్లో ఉడుత, పైన చిట్టచివరి తొర్రలో చిలక కాపురం ఉండేవి.

చిలకకు తన తొర్రంటే ప్రాణం. దాని అంచును ముక్కుతో కొరికి కొరికి నున్నగా చేసుకుంది. అక్కడే గుడ్లు పెట్టేది. పిల్లలకు రెక్కలొచ్చాక, వానలకు ముందే తోటల వైపు వెళ్లిపోయేది. మళ్లీ చలి మొదలయ్యాకే వచ్చేది.

ఒక వేసవి చివర ముంగిస కింది నుంచి కేకేసింది.

"చిలకమ్మా! వాగు మన గట్టును తినేస్తోంది. వేళ్లు బయటపడ్డాయి. వానలు రాకముందే వట్టివేరు నాటితే మట్టి నిలుస్తుంది. గుంటలు నేను తీస్తాను. ఉడుత నాటుతుంది. పిలకలు అవతలి గట్టున ఉన్నాయి. వాగు దాటి తేగలిగేది నువ్వొక్కదానివే."

"నీళ్లొచ్చేది నీ బొరియలోకి కదా, ముంగిస బావా! నా తొర్ర మబ్బుల పక్కన ఉంది," అంది చిలక.

మర్నాడు ఉడుత పైకెక్కి వచ్చి అదే అడిగింది.

"వానల్లో నేను ఇక్కడ ఉండనే ఉండను కదా వదినా," అంది చిలక. "లేని కాలానికి కూడా చాకిరీ చేయమంటావా?"

"మరి నువ్వు లేనప్పుడు నీ తొర్రను ఊడదీసి దాచిపెట్టమంటావా?" అంది ఉడుత.

మూడోసారి ఇద్దరూ కలిసి అడిగారు. "ఒక్క పూట పనమ్మా," అని బతిమాలారు.

"జామతోటలో కాయలు పండాయట. తిరిగొచ్చాక తప్పకుండా తెస్తాను," అని చిలక ఎగిరిపోయింది.

ముంగిస, ఉడుత చేతనైనంత మట్టి, రాళ్లు తెచ్చి వేళ్ల చుట్టూ పోశాయి. మొదటి వానకు మట్టి పోయింది. రెండో వానకు రాళ్లు పోయాయి.

తోటలో జామకాయలకు కొదవ లేదు. కానీ పొద్దు వాలితే చాలు, చిలకకు బెంగ పట్టుకునేది. "మా తొర్రలో అయితేనా..." అని మొదలుపెట్టేది.

"మహారాణిగారు మళ్లీ అందుకున్నారు!" అని మిగతా చిలకలు నవ్వేవి. "అంత బెంగైతే ఇక్కడెందుకమ్మా?"

"చలి రానీ, వెళ్లిపోతాను," అనేది చిలక. నిద్రలో కూడా దాని ముక్కు మెల్లగా కదిలేది, తొర్ర అంచును కొరుకుతున్నట్టే.

చలి వచ్చింది. చిలక ఎక్కడా ఆగకుండా ఎగిరింది. వాగు కనబడగానే అలవాటు కొద్దీ రెక్కలు ముడిచి కాళ్లు చాచింది. కాళ్లకు ఏమీ తగల్లేదు.

చెట్టు లేదు. కింద వాగులో పడి ఉంది. చిలక తొర్రలోంచి నీళ్లు పారుతున్నాయి.

పక్కనున్న నేరేడు చెట్టు మీద నుంచి ఉడుత పిలిచింది. "గట్టు జారింది, చెట్టు పోయింది. మేమిద్దరం బతికి బయటపడ్డాం."

"ఇప్పుడు తెస్తాను వదినా! ఎన్ని పిలకలు కావాలన్నా తెస్తాను!"

"తే. ఈ గట్టుకు నాటుదాం," అంది నేరేడు మొదట్లోంచి ముంగిస. "ఈ చెట్టులో పైన ఒక తొర్ర ఖాళీగా ఉంది. చిన్నదే. ఉంటే ఉండు."

చిలక సాయంత్రం దాకా పిలకలు మోసింది. వట్టివేరు నాటుకుంది. నేరేడు గట్టు నిలిచింది. చిలక ఆ చిన్న తొర్రలోనే గుడ్లు పెట్టింది.

అయినా రోజూ ఒకసారి వాగు మీదికి వెళ్లేది. ఒకప్పుడు తన గుమ్మం ఉన్న ఎత్తులో, ఉత్త గాలిలో రెక్కలు కొట్టుకుంటూ నిలబడేది. రెక్కలు నొప్పి పుట్టేదాకా ఉండి, తిరిగి వచ్చేది.

నీతి: నలుగురూ ఉండే ఇంటి మీద ప్రేమ ఉంటే చాలదు, దాన్ని నిలబెట్టే పనిలో మన వంతు అడిగినప్పుడే చేయాలి.