ముందు లేచిన కార్డు

డ్యామ్ కంట్రోల్ రూములో కంప్యూటర్ పొద్దున్నే మళ్లీ మొండికేసింది. నీలవేణికి తల కొట్టేసినట్టయింది. సాయంత్రానికి పని అప్పజెబుతానని ఇంజనీరు గారికి మాటిచ్చింది. రేపు గేట్లెత్తుతారు.

ఆ కంప్యూటర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకదాని తీగ గేట్ల దగ్గర నీటిమట్టం కొలిచే మీటర్లకి వెళ్తుంది. రెండోదాని తీగ దిగువ ఊళ్లని హెచ్చరించే వరద ఆఫీసుకి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏ కార్డు ముందు లేస్తే కంప్యూటర్ దాన్ని ఒకటో కార్డంటుంది. ఒకటో కార్డు గేట్లదేనని నమ్మి నీలవేణి ప్రోగ్రాం రాసింది. ఆఫీసు కార్డు ముందు లేచిన రోజు మాత్రం కంప్యూటర్ నీటిమట్టం కోసం ఆఫీసు వైపు చూస్తూ కూర్చుంటుంది. ఊళ్లకి కబురుండదు.

అందుకని ఆఫీసు కార్డుని నిమిషం ఆలస్యంగా లేపమని రాసి, పదిసార్లు పరీక్షించి, తెగ మురిసిపోయింది. ఇవాళ గేట్ల కార్డు నిమిషం దాటాక లేచింది.

నిమిషాన్ని రెండు నిమిషాలు చేస్తే సరిపోతుందని ఖాసిం మాస్టారితో చెప్పింది. ముప్పయ్యేళ్లుగా తీగలతో కాపురం చేసిన మనిషి ఆయన. ఆమెకి పని నేర్పిందీ ఆయనే. విని, భోజనం వేళయిందన్నారు.

గేట్ల మీద పనిచేసే పుల్లయ్యకీ ధనుంజయకీ క్యాంటీన్ నుంచి వచ్చిన క్యారేజీలు మాస్టారే అందిస్తారు. పుల్లయ్యకి బీపీ కాబట్టి అతని కూరల్లో ఉప్పుండదు. రోజూ ముందొచ్చేది అతనే. ఆ రోజు ధనుంజయ ముందొచ్చాడు.

"రా పుల్లయ్యా," అంటూ మాస్టారు ఉప్పులేని క్యారేజీ అతని చేతిలో పెట్టారు.

ధనుంజయ బిత్తరపోయాడు. వెనకాలే వచ్చిన పుల్లయ్యకి ఆవకాయ ఉన్న క్యారేజీ అందింది. అతను కిమ్మనకుండా మూత తీశాడు. అలాంటి అవకాశం మళ్లీ రాదని అతనికి తెలుసు.

నీలవేణి గబుక్కున లేచి పుల్లయ్య చేతిలోంచి క్యారేజీ లాక్కుంది. "ఈయన పుల్లయ్య, మాస్టారూ."

"ముందొచ్చినవాడే కదమ్మా పుల్లయ్య?"

"ఎప్పుడొచ్చినా పుల్లయ్య పుల్లయ్యే కదండీ..."

అంటూనే కంప్యూటర్ వైపు చూసింది. సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వొచ్చింది.

అన్నం సంగతి మరిచి స్క్రూడ్రైవర్ తీసింది. కంప్యూటర్ డబ్బా మూత విప్పి, ఒక్కో కార్డు మీద అచ్చేసి ఉన్న నంబరు కాగితం మీద రాసుకుంది. ఈ నంబరున్నది గేట్లది, ఆ నంబరున్నది ఆఫీసుది అని కంప్యూటర్‌కి రాసిచ్చింది. గేట్ల కార్డు లేచి పలికాకే మట్టం అడగమంది. నిమిషం ఆగమన్న ముక్క చెరిపేసింది. సాయంత్రం ఇంజనీరు గారికి పని అప్పజెప్పింది.

మర్నాడు గేట్లెత్తారు. జోరువానలో కరెంటు పోయి, కాసేపటికి వచ్చింది. కంప్యూటర్ లేచింది. అంకెలు అందుతున్నాయని వరద ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"ఇప్పుడు ఏది ముందు లేచింది?" అన్నారు మాస్టారు.

"చూళ్లేదండీ," అంది నీలవేణి.

ఆయన కంప్యూటర్ ముందున్న తన కుర్చీ ఆమెకిచ్చి, నీళ్లు చూడ్డానికి కిటికీ దగ్గరికి వెళ్లారు.