కరెంటు గిటారూ, సలోమి చెయ్యీ

ఆ చార్జరు ముట్టుకోకు చిన్నీ, చేతులు తడిగా ఉన్నాయి. ముందు తుడుచుకో. నీ గౌనుకి కాదు, తువ్వాలుకి. ఆఁ, ఇప్పుడు పీకి అక్కడ పెట్టు. ఇలా రా, పక్కలోకి. కథ చెప్పమంటే చెప్తాను గానీ, ఈ పూట కథలో రాజూ లేడు, రాక్షసుడూ లేడు. మధ్యలో ఏడుపొస్తే ఏడు, నేనేం అనను. ఊఁ కొట్టడం మాత్రం మానకు.

అనగనగా ఒక మిల్లు ఊళ్ళో ఒక గిటారాయన ఉండేవాడు. గోనెసంచులు నేసే మిల్లు అది. ఆ మరల రొదలో పనిచేసి పనిచేసి ఊళ్ళో సగం మందికి చెవులు మందగించాయి. ఏం చెప్పాలన్నా అరిచి చెప్పాలి. నా గొంతు పెద్దదని మీ అమ్మ ఎప్పుడూ దెప్పుతుందే, ఆ గొంతు నాకు ఆ మిల్లులోనే వచ్చింది.

గిటారాయన పేరు జెకరయ్య. పగలు మిల్లులో పని, ఆదివారం గుడిలో గిటారు. గుడి అంటే మన చర్చేలే. ఆయన దగ్గర ఒక కట్టె గిటారు ఉండేది. దానికి కరెంటూ అక్కర్లేదు, వైరూ అక్కర్లేదు. పొట్టలో పెద్ద కన్నం, ఆ కన్నంలోంచే పాటంతా వచ్చేది. ఊళ్ళో పెళ్ళైతే ఆయన వాయించాలి, మనిషి పోతే ఆయన వాయించాలి, క్రిస్మస్‌కి ఇంటింటికీ తిరిగి పాడాలన్నా ముందు ఆయనే నడవాలి. గిటారు పట్టుకుంటే చంటిపిల్లలు కూడా గోల మానేసి చూసేవారు.

ఆయన భార్య సలోమి. ఆవిడ పాడేది. గొంతు మరీ గొప్పదని చెప్పను గానీ, విన్నవాళ్ళకి మనసు కుదుటపడేది.

వాళ్ళిద్దరికీ ఒక అలవాటు ఉండేది. పాట అయిపోయేటప్పుడు జెకరయ్య ఆఖరి దెబ్బ మీటి చెయ్యి తీసేసేవాడు. తీగలు గుయ్యిమని మోగుతుండేవి. అప్పుడు సలోమి పక్కనుంచి చెయ్యి చాపి, అరచెయ్యి తీగల మీద పెట్టేది. మోత ఆగిపోయేది. ఆ తర్వాతే పాస్టరుగారు ఆమేన్ అనేవారు.

మొదలుపెట్టడం ఆయన వంతు, ఆపడం ఆవిడ వంతు. పెళ్ళైన కొత్తలో సరదాకి మొదలైందట. నెత్తి నెరిసినా అలాగే ఉంది. ఇన్నేళ్ళలో జెకరయ్య తన తీగల్ని తను ఆపుకున్నది లేదు. ఈ మాట గుర్తుపెట్టుకో చిన్నీ.

అప్పుడు ఏమైందీ, పాత గుడి కూలగొట్టి కొత్తది కట్టారు. ఇంత పెద్ద హాలు, నెత్తి మీద ఫ్యాన్లు. కింద కూర్చున్నదేమో చెవులు మందగించిన మిల్లు జనం. కట్టె గిటారు ముందువరస దాటి వినబడేది కాదు. వెనకాల కూర్చున్న ముసలమ్మలు "ఇవాళ జెకరయ్య రాలేదా?" అని అడిగేవారు. పాపం, ఆయన ఎదురుగా కూర్చుని చెయ్యి నొప్పెట్టేలా వాయిస్తూనే ఉండేవాడు.

ఆ తర్వాత పాస్టరుగారు పిలిచి చెప్పారు. "జెకరయ్యా, కరెంటు గిటారు నేర్చుకో. కోతపండగ నాటికి వాయించాలి. నీ వల్ల కాకపోతే చెప్పు, పట్నం నుంచి ఎవరినైనా పిలుద్దాం." ఆయన మంచిగానే అన్నారు. కానీ జెకరయ్య ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లేచాడు. తన చోట ఇంకొకడు కూర్చుంటాడన్న దిగులు గుండెలో పడింది.

అప్పుడు పట్నం వెళ్ళాడు. గిటార్ల కొట్టువాడు మర్యాదస్తుడు. కుర్చీ వేసి, టీ తెప్పించి, "ముందు ఎప్పుడైనా కరెంటుది వాయించారా గురువుగారూ?" అని అడిగాడు.

వాయించలేదు. ఆ మాట చెబితే ఏం పోయేది? నోరు రాలేదు. గురువుగారూ అని పిలిపించుకున్న మనిషి, రాదని ఎలా చెప్తాడు? "ఎందుకు వాయించలేదూ, బోలెడు" అన్నాడు.

"అయితే మీకు నేను చెప్పేదేముంది" అని కొట్టువాడు నవ్వి, చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పకుండా గిటారు కట్టి ఇచ్చేశాడు. దాంతోపాటు ఎవరో వాడి వదిలేసిన పెట్టె ఒకటి ఇచ్చాడు. కరెంటు గిటారుకి సొంతంగా గొంతు ఉండదు. వైరు ఆ పెట్టెలో గుచ్చితే, ఆ పెట్టె మోగుతుంది.

ఇంటికి తెచ్చి చూస్తే పెట్టె ప్లగ్గుకి మూడు కాళ్ళు. రెండు సన్నవి, పైన ఒకటి లావుది. వాళ్ళింటి బోర్డుకేమో రెండే కన్నాలు. జెకరయ్య కటింగ్ ప్లయరు తీసుకుని లావు కాలు కోసేశాడు. "పోనిద్దూ, మనిషి రెండు కాళ్ళ మీదే కదా నడుస్తున్నాడు" అన్నాడు. సలోమి కూడా నవ్వింది. కోసిన ముక్కని చూరులో పడేశాడు.

అప్పుడు నేర్చుకోవడం మొదలైంది. అబ్బో, ఆ అవస్థ చూడాలి. కట్టె గిటారు తీగలు మొండివి, గట్టిగా నొక్కితే తప్ప పలకవు. దీని తీగలు సన్నం. ఆ అలవాటు కొద్దీ నొక్కితే శ్రుతి పైకి ఎగిరిపోయేది. సరే, నొక్కడం తగ్గించాడు. ఆ తర్వాత దెబ్బ. కట్టెదాన్ని మీటినట్టు మీటితే పెట్టె గాడిదలా ఓండ్రపెట్టేది. అదీ తగ్గించాడు. చేతులు మంచివే, తొందరగానే నేర్చాయి.

మూడోది మాత్రం రాలేదు. కరెంటు గిటారు ఒకసారి పలికితే ఓ పట్టాన ఊరుకోదు. ఈ తీగ మీటితే పక్క తీగ కూడా గుయ్యిమంటుంది. వాయించే చేత్తోనే అక్కర్లేని తీగల్ని ఆపుకుంటూ ఉండాలి. ఆపడం ఆయన ఎన్నడూ చేసిన పని కాదు కదా. పాట నడిచినంతసేపూ తంటాలు పడేవాడు, చివరికొచ్చేసరికి చేతులెత్తేసి "సలోమీ, పట్టుకోవే" అనేవాడు. ఆవిడ వచ్చి అరచెయ్యి పెట్టేది.

మొదటిసారి పెట్టినప్పుడు చటుక్కున చెయ్యి తీసేసింది. "ఏమండీ, చీమ కుట్టినట్టుందండీ" అంది. "కొత్త తీగలు కదా, పదునుంటాయి" అన్నాడాయన. ఆయనకీ వేళ్ళ చివర అలాగే ఉండేది. కరెంటు గిటారంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాడు. తెలియని మనిషికి ఏదైనా ఇలాగే ఉంటుంది కాబోలనిపిస్తుంది.

రెండోసారి, ఆవిడ ఇల్లు కడుగుతోంది. తడి నేల మీద నుంచే వచ్చి చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా ఝల్లుమంది. చీపురు అంత దూరాన పడింది. కాసేపు గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఇది నాకు బాగా అనిపించట్లేదండీ. ఆ కొట్టాయనకి ఒక్క ఫోను చెయ్యరాదూ? ఇలా జిల్లుమంటోంది, ఏం చెయ్యాలని అడగండి."

"అడుగుతానులే" అన్నాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఏమని అడుగుతాడు? బోలెడు వాయించానని చెప్పి వచ్చాడు కదా. "పండగ కానియ్యి, అడుగుతాను" అని ఫోను కింద పెట్టేశాడు. సలోమి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మొగుడి పరువు పోతుందేమోనని ఆవిడకీ బెంగే. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది చిన్నీ. ఎంత పరువు, ఎవరి దగ్గర పరువు? ముక్కూ మొహం తెలియని కొట్టువాడి దగ్గర.

మూడోసారి, కోతపండగ పొద్దున. గుడి నిండా గుమ్మడికాయలు, అరటిగెలలు, ధాన్యం బస్తాలు. కాళ్ళు కట్టేసిన కోళ్ళు ఓ మూల అరుస్తున్నాయి. ఆడవాళ్ళందరం కలిసి అప్పుడే నేల కడిగాం. చెప్పులు బయటే వదలాలి కదా, అందరివీ వట్టి కాళ్ళే. జెకరయ్య గిటారు తగిలించుకుని, బాగుందో లేదో చూద్దామని మైకు దగ్గర మూతి పెట్టి "హలో" అన్నాడు. పెదవి మీద నిప్పురవ్వ పడ్డట్టు చురుక్కుమంది. వెనక్కి గెంతాడు. చుట్టూ చూశాడు. ఎవరూ చూడలేదనుకుని మీసం తుడుచుకున్నాడు.

మైకు పెట్టినవాడు అక్కడే ఉన్నాడు. పిలిచి చెప్పొచ్చు. చెప్పలేదు.

అప్పుడు ఆరాధన మొదలైంది. జెకరయ్య ప్లాస్టిక్ కుర్చీలో, కాళ్ళ కింద చాప. సలోమి పక్కన నిలబడింది, తడి గచ్చు మీద. గచ్చకాయ రంగు చీర కట్టుకుంది, కొత్తది. ఎడం చేతిలో మైకు.

ఎంత బాగా వాయించాడో. నొక్కాల్సినంతే నొక్కాడు, మీటాల్సినంతే మీటాడు. వెనక వరసలో ముసలమ్మలు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుని "వినబడుతోందే" అనుకున్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. జెకరయ్య మొహం వెలిగిపోయింది. తన చోటు తనకి దక్కింది.

పాట చివరికి వచ్చింది. ఆయన ఆఖరి దెబ్బ మీటి చెయ్యి తీసేశాడు. పెట్టె గుయ్యిమని మోగుతోంది. సలోమి పక్కనుంచి కుడి చెయ్యి చాపి, ఎప్పటిలాగే, అరచెయ్యి తీగల మీద పెట్టింది.

అంతే తల్లీ.

అరుపు కూడా రాలేదు. నిలబడ్డది నిలబడ్డట్టే బిగుసుకుపోయి, మైకుతో సహా గుమ్మడికాయల మీద పడిపోయింది. పాస్టరుగారు పరుగున వచ్చారు. ఎవరో నీళ్ళన్నారు, ఎవరో ముట్టుకోవద్దన్నారు. ఆ పెట్టె మాత్రం మోగుతూనే ఉంది. ఆపే చెయ్యి లేదు కదా. చివరికి ఎవరో వెళ్ళి ప్లగ్గు పీకారు. ఆస్పత్రికి మోసుకెళ్ళాం గానీ, అప్పటికే ప్రాణం లేదు.

ఊఁ కొట్టట్లేదేం? ఏడుస్తున్నావా? ఇలా రా, దగ్గరికి రా.

ఏమిటీ, జెకరయ్య తాతకేం కాలేదేమనా? చెప్తాను. ఆ పాత పెట్టెలో కరెంటు దారి తప్పి తీగల్లోకి వచ్చేస్తోంది. అలా దారి తప్పినదాన్ని నేలలోకి పంపెయ్యడానికే ప్లగ్గుకి లావు కాలు పెడతారు. ఆ కాలు కోసేస్తే, అది మనిషిలోంచి దారి వెతుక్కుంటుంది. ఆయన కుర్చీలో ఉన్నాడు, కాళ్ళ కింద చాప ఉంది. ఆవిడకేమో కాళ్ళ కింద తడి, ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో తీగలు. ఆవిడ గుండె మధ్యలో ఉంది.

ఆ తర్వాత పాస్టరుగారు ఓదార్చడానికి వచ్చి "దేవుడి చిత్తం జెకరయ్యా" అన్నారు. జెకరయ్య లేచి చూరులో చెయ్యి పెట్టి, ఆ ఇత్తడి ముక్క తీసి చూపించాడు. "దేవుడి మీద పెట్టకండి అయ్యగారూ. ఇది నేను కోసింది" అన్నాడు. తన తప్పు ఒప్పుకోవడం అది మొదటిసారి.

రెండోసారి ఒప్పుకోడానికి పట్నం వెళ్ళాడు. కొట్టువాడి ముందు నిలబడి "నాకు ఇది వాయించడం రాదు. ఆ రోజు అబద్ధం చెప్పాను" అన్నాడు. కొట్టువాడు విషయం విని అక్కడే కూలబడ్డాడట.

మూడోది, పిల్లలకి చెప్పడం. గిటారు నేర్పమని ఎవరొచ్చినా "ముందు నీకేం రాదో అది చెప్పు" అనేవాడు. చెప్పినవాళ్ళకే నేర్పేవాడు. బోలెడొచ్చు అన్నవాళ్ళని గుమ్మంలోంచే పంపేసేవాడు.

గుడిలో మాత్రం మళ్ళీ వాయించలేదు. కట్టె గిటారు గోడకే ఉండిపోయింది. కరెంటు గిటారుని, పెట్టె లేకుండా, వైరు లేకుండా, సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వాయించుకునేవాడు. కరెంటు లేకపోతే దానికి గొంతేది? దోమ పాడినట్టు ఉంటుంది. ఆనుకుని కూర్చున్న మనిషికి తప్ప ఇంకెవరికీ వినబడదు.

ఒకసారి ఆయనకి కూర పట్టుకెళ్ళి, పక్కన కూర్చున్నాను. సలోమి పాడే పాటే వాయిస్తున్నాడు. అప్పటికి ఆయనకి అక్కర్లేని తీగలు ఆపడం కూడా వచ్చేసింది చిన్నీ. ఎంత శుభ్రంగా వాయించాడో. చివరికొచ్చాడు. ఆఖరి దెబ్బ మీటి, చెయ్యి తీసేసి, నా వైపు తిరిగాడు. అలవాటు కదా.

నేను చెయ్యి పెట్టలేదు. అది నా చెయ్యి పెట్టే చోటు కాదు. తీగలు సన్నగా మోగి మోగి, వాటంతట అవే ఆగిపోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

అంతే కథ. కళ్ళు తుడుచుకో. చార్జరు పీకావు కదా? మంచిది. ఇప్పుడు నాతో పాటు అను.

తడి చెయ్యి తుడవాలి,
కాలికి చెప్పు తొడగాలి,
తెలియంది అడగాలి,
కథేమో కంచికి నడవాలి,
చిన్నీ కళ్ళు మూయాలి,
అమ్మమ్మ చెయ్యి మీద వెయ్యాలి.