తోరం కట్టుకున్న ఈగ

ఒకప్పుడు, పూల చుట్టూ తిరిగే ఈగల్లో ఒకదానికి ఒంటిమీద చార అన్నదే లేదు. ఒళ్లంతా కాటుక నలుపు. అందుకే దాన్ని నల్లీగ అనేవారు.

నల్లీగకు వాళ్లమ్మ ఒకే ఒక బుద్ధి చెప్పింది. "పిలవని పేరంటానికి వెళ్లకు తల్లీ, చులకనైపోతావు."

మరి పూలు ఎవర్ని పిలుస్తాయి? తేనెటీగలైతే పిలుపులూ గిలుపులూ చూసుకోవు. జొరబడి తినేసి పోతాయి. నల్లీగ మాత్రం ప్రతి పువ్వు ముందూ రెక్కలాడిస్తూ గాలిలో ఒక్కచోటే నిలబడేది. 'రా' అంటే వెళ్దామని.

తంగేడు పువ్వు అనలేదు. తుమ్మి పువ్వూ అనలేదు.

"ఏమే, నిన్ను గాలికి మేకు కొట్టి తగిలించారా?" అని తేనెటీగ వెక్కిరించింది. "తింటే తిను, లేకపోతే అడ్డు లే."

నల్లీగ కడుపు వెన్నుకంటుకుపోయింది. ఇంకొక్క పూట తిండి లేకపోతే రెక్క ఆడదు.

అప్పుడు రేగుపొద మీదినుంచి ఓ సన్నని గొంతు వినిపించింది. "అమ్మాయీ, మా ఇంట్లో నోము. పేరంటానికి రామ్మా."

అది బంగారుతీగ. దానికి నేలలో వేరుండదు, ఒంటిమీద ఆకుండదు. పసుపుదారాల చిక్కులా రేగుపొదను అల్లుకుని, దాని రసం తాగి బతుకుతుంది. ఆ రోజు ఆవగింజలంత తెల్లపూలు పూసింది. ఎవరైనా వచ్చి పుప్పొడి అటూ ఇటూ చేస్తేనే గింజ కడుతుంది. పొద్దున్నుంచి పిలుస్తూనే ఉంది. ఒక్కరూ రాలేదు.

"ఎందుకొస్తారు?" అంది రేగు. "నా రసం తాగి, నా నెత్తినెక్కి, నువ్వు పేరంటం చెయ్యడమేంటే?"

"నిజమే అక్కా, నేనూ పిలవకుండా వచ్చినదాన్నే. ఆ కష్టమేంటో తెలుసు కాబట్టే ఈ పిల్లను పిలుస్తున్నా."

నల్లీగ ఇంకేం వింటుంది? 'రామ్మా' అన్న మాట చెవిన పడగానే వాలిపోయింది. పువ్వు పువ్వుకూ తిరిగి పుప్పొడి తింది. మూతికంటినదాన్ని పక్క పువ్వుకు పూసింది. కడుపు నిండాక, "వెళ్లొస్తానత్తయ్యా" అంది.

"ఆగమ్మా, వట్టి చేతులతో పంపుతానా?"

తాంబూలం ఇద్దామంటే తీగకు ఒక్క ఆకైనా లేదాయె. రేగు కిసుక్కున నవ్వింది. చివరికి తీగ తన పసుపుపోగే తుంచింది, తోరం కడదామని. చేతికి కడదామంటే ఈగ చెయ్యి వెంట్రుకంత. సరే, నడుముకు కట్టింది. ఒకటి వెలితిగా ఉందని మరొకటి, ఆపైన ఇంకొకటి.

నల్లీగ ఎగిరిందో లేదో, కంపలో పొంచి ఉన్న తొండ నోరు తెరిచి దూకబోయింది. తీరా చూస్తే నల్లటి ఒంటిమీద పసుపు పట్టీలు.

"అమ్మో, కందిరీగ" అని తోక ముడిచింది.

"నాకు ముల్లు లేదు మామయ్యా" అనబోయి నల్లీగ నోరు మూసుకుంది. పిలవకుండా వెళ్లొద్దని చెప్పిన అమ్మ, అడక్కుండా చెప్పమని అనలేదుగా.

రేగుకు నవ్వాగలేదు. "రేపు మా ఇంటికీ రావే పిల్లా, నా పూలూ విచ్చుకుంటాయి" అంది.

అప్పటినుంచే ఆ ఈగ నడుము చుట్టూ పసుపు పట్టీలు. ముల్లు లేకపోయినా అందరికీ దాన్ని చూస్తే హడలే. ఇప్పటికీ అది పువ్వు ముందు గాలిలో కదలకుండా నిలబడుతుంది. మీకెప్పుడైనా కనిపిస్తే చప్పుడు చెయ్యకండి పిల్లలూ. అది 'రా' అనే పిలుపు కోసం చెవొగ్గి ఉంది.